మిక్సర్‌లో ఖాళీగా వదిలిన రంధ్రం

ఇంట్లో ఒక మైకు, ఒక లాప్‌టాప్ పెట్టుకుని పాటలు రికార్డు చేసుకునే పిల్లలు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "మేడం, బ్యాలెన్స్‌డ్ కేబుల్ కొనాలా, మామూలుది సరిపోతుందా?" రెండు మూడు అడుగుల దూరమైతే మామూలుదే సరిపోతుందని చెబుతాను. నమ్మరు. ఖరీదైనదే కొంటారు. కొన్నాక దాన్ని పెట్టకూడని చోట పెట్టి మళ్లీ నాకే ఫోన్ చేస్తారు. నా రిటైర్మెంటు ఇలా నిక్షేపంగా గడిచిపోతోంది.

ఈ మధ్య ఒకమ్మాయి ఫోన్ చేసి, "హెడ్‌ఫోన్స్‌లో బాగానే ఉంది మేడం, ఫోన్‌లో పెడితే గొంతు రావడం లేదు" అంది. ఆ అమ్మాయికి రెండు ముక్కల్లో జవాబు చెప్పి పెట్టేశాను. కానీ ఆ మాట విన్నప్పటి నుంచి నాకు సూపరింటెండెంట్ గారు గుర్తుకొస్తున్నారు. ఆయన సంగతి రెండు ముక్కల్లో చెబితే అన్యాయం అవుతుంది.

పంజాగుట్టలో ఒక డబ్బింగ్ థియేటర్‌లో నేను చాలా ఏళ్లు మెయింటెనెన్స్ చూశాను. హీరో ఏడ్చే సీన్లో వెనక నుంచి 'గుంయ్'మని శబ్దం వస్తే నన్ను పిలిచేవాళ్లు. దాన్ని మేం హమ్ అంటాం. ఆడియో వైరు కరెంటు తీగల పక్కనుంచి నడిస్తే ఆ కరెంటు గొణుగుడును కూడా మోసుకొస్తుంది. ఆ గొణుగుడు ఎక్కడ ఎక్కిందో వెతికి దింపేయడమే నా ఉద్యోగం. హీరో ఏడుపు బాగుందా లేదా అని నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

నాతో పాటు ఒక తమ్ముడు పనిచేసేవాడు. సొంత తమ్ముడు కాదు. నన్ను అక్కా అనేవాడు కాబట్టి తమ్ముడు. థియేటర్లో వైర్లన్నీ అతనే కత్తిరించి, సోల్డరింగ్ చేసి, చివర్లకు రంగు టేపులు చుట్టేవాడు. పచ్చ టేపు ఉంటే ఎవరైనా ఎక్కడైనా వాడుకోవచ్చు. ఎర్ర టేపు ఉంటే అది ఏదో ఒకే పనికి ప్రత్యేకంగా చేసిన వైరు, మమ్మల్ని అడక్కుండా ముట్టుకోకూడదు. మా రాజ్యాంగం అంతే. మైకు ముందు చెప్పులు విప్పనివాళ్లు కూడా ఎర్ర టేపుకు భయపడేవారు.

థియేటర్ మూతపడింది. ఓనరు పోతూ పోతూ వైర్ల సంచిని తమ్ముడికి ఇచ్చేశాడు. మేమిద్దరం ఆ సంచి వేసుకుని అమీర్‌పేటలో ఇళ్ల చుట్టూ తిరగడం మొదలుపెట్టాం. ఆన్‌లైన్ పాఠాలు చెప్పే కోచింగ్ మాస్టార్లు, హాస్టల్ గదిలో మంచం నిలబెట్టి దాని వెనక పాడే కుర్రాళ్లు, భక్తి పాటల యూట్యూబ్ ఛానెల్ పెట్టిన టిఫిన్ సెంటర్ యజమాని, ఇలా ఉండేవారు మా కస్టమర్లు. ఆ రోజుల్లోనే ఒకసారి సూపరింటెండెంట్ గారి నుంచి ఫోన్ వచ్చింది.

ఆయన ఎర్రమంజిల్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంట్‌గా చేసి రిటైరయ్యారు. గుంటూరు వైపు వాళ్లు. పంజాగుట్ట దగ్గర వాళ్ల చర్చిలో ఆయన కీబోర్డు వాయిస్తారు, ఆయన భార్య పాడతారు. ఆవిడ పాటలు కట్టేవారు కూడా. మాటలు కాగితాల మీద ఉన్నాయి. బాణీలు మాత్రం ఆవిడ గొంతులో తప్ప ఇంకెక్కడా లేవు. ఆ గొంతులోనే థైరాయిడ్ గడ్డ వచ్చింది. అది స్వరం పలికించే నరాన్ని ఆనుకుని ఉందని, ఆపరేషన్ తర్వాత మాట వస్తుంది గానీ పాట సంగతి చెప్పలేమని డాక్టర్ అన్నాడట. అందుకని ఆపరేషన్‌కు ముందే పాటలన్నీ ఇంట్లో రికార్డు చేయాలని ఆయన పట్టుదల.

అమీర్‌పేట సందులో మూడో అంతస్తు. కింద అంతస్తులో కోచింగ్ సెంటర్. పడకగదిలో బీరువాకు, కిటికీకి దుప్పట్లు కట్టారు. బల్ల మీద సామాన్లు స్కేలు పెట్టి సర్దినట్టున్నాయి.

"ఇది మైకు మేడం. ఇది ప్రీఆంప్. ఇది మిక్సరు. అన్నింటి మాన్యువల్స్ చదివాను" అన్నారు ఆయన.

"మరి నన్నెందుకు పిలిచారు సార్?"

"గుర్రుమంటోందండి. ఆవిడ పాట మొదలుపెట్టకముందే అదేదో మొదలుపెడుతోంది."

ఆవిడ తలుపు దగ్గర నిలబడి నవ్వారు. మెడ దగ్గర కొంగు కప్పుకున్నారు. "ఆయన నన్ను కూడా అలాగే తనిఖీ చేశారండి, గుర్రు నాలోంచి వస్తుందేమోనని" అన్నారు. మాట కొంచెం బొంగురుగా ఉంది గానీ పాడితే లేదు. ఒక చరణం పాడి చూపించమంటే పాడారు. తమ్ముడు చేతిలో ప్లాస్ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. చరణానికీ చరణానికీ మధ్య మాత్రం ఆయాసం వచ్చి ఆగుతున్నారు. అంతవరకూ ఆయన కీబోర్డు మీద ఏదో వాయిస్తూ ఉంటున్నారు.

హమ్ ఎక్కడిదో కనిపెట్టడానికి పెద్దగా కష్టపడలేదు. మైకులోని గొంతు ప్రీఆంప్ అనే చిన్న పెట్టెలో పెద్దదై, శబ్దాలన్నింటినీ కలిపే మిక్సర్‌లోకి వస్తుంది, అక్కడి నుంచి లాప్‌టాప్‌లోకి. కీబోర్డు గదికి ఆ చివర ఉంది. దాని వైరు మామూలుది, లోపల ఒకే తీగ, చుట్టూ జాలీ. అది ఫ్రిజ్ వెనక నుంచి, కరెంటు బోర్డు పక్క నుంచి గదంతా తిరిగి మిక్సర్‌కు చేరుతోంది. దారిలో ఉన్న గొణుగుడంతా ఎక్కించుకుని వస్తోంది.

బ్యాలెన్స్‌డ్ వైరు కథ ఇక్కడ ఒక్కసారి చెబుతాను, మళ్లీ చెప్పను. అందులో రెండు తీగలుంటాయి. ఒకే పాటను ఒక తీగలో సూటిగా, రెండో తీగలో తలకిందులుగా పంపుతాం. దారిలో అంటుకునే హమ్ రెండింటికీ ఒకేలా అంటుకుంటుంది. అవతలి చివర తలకిందులుగా వచ్చినదాన్ని తిరగేసి మొదటిదానితో కలుపుతారు. పాట, పాట కలిసి రెట్టింపవుతాయి. తిరగేసిన హమ్, తిరగేయని హమ్ ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. అంతే. దీనికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు, నేనూ చదవలేదు.

ప్రీఆంప్ నుంచి మిక్సర్‌కు పచ్చ టేపు ఉన్న బ్యాలెన్స్‌డ్ వైరు వేశాను. మిక్సర్‌లో ఆ వరుసకు రెండు రంధ్రాలున్నాయి, ఎడమది, కుడిది. నేను ఎడమదాంట్లో పెట్టాను. ఒక్క గొంతుకు అది చాలు, మిక్సరే దాన్ని రెండు పక్కలకూ సమానంగా పంచుతుంది.

"కుడిది ఖాళీగా ఉంది కదండీ" అన్నారు ఆయన.

"ఖాళీగానే ఉండాలి సార్."

"ఎప్పటికీనా?"

"ఎప్పటికీ."

ఆయన ముఖం అదోలా అయింది. "మా ఆఫీసులో ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఫైలు మాసబ్ ట్యాంక్ హెడ్డాఫీసు దాకా వెళ్లి వెనక్కి వచ్చేదండి. ఏమీ లేకపోతే 'వర్తించదు' అని రాసైనా నింపేవాళ్లం."

"దీంట్లో రాసే వీల్లేదు సార్" అన్నాను.

కీబోర్డు వైరుకు ఒక చిన్న పెట్టె కావాలి, దాని ఒంటి తీగను జంట తీగలుగా మార్చేది. మా దగ్గరున్నది ఇంకో ఇంట్లో ఉంది. వారంలోపు తెస్తామని, ఆపరేషన్‌కు ఇంకా టైం ఉంది కాబట్టి అప్పటిదాకా ఆగమని చెప్పాను. తమ్ముడు వైర్ల సంచి అక్కడే దించేశాడు.

"ఉండనీ అక్కా, మళ్ల వచ్చేటోళ్లమే గద. మోసుడెందుకు? సార్, పచ్చ టేపుయి వాడుకోండ్రి. ఎర్రయి మాత్రం ముట్టకుండ్రి" అన్నాడు. సూపరింటెండెంట్ గారు తల ఊపారు. ఆ తల ఊపడం చూసి నాకు పూర్తి నమ్మకం కలిగింది.

ఆ తర్వాత జరిగింది మాకు తెలియకుండానే జరిగింది. ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చిందట, ఎవరిదో ఆపరేషన్ వాయిదా పడింది, రేపే వచ్చి చేరండి అని. ఆ మధ్యాహ్నమే ఇద్దరూ కూర్చుని పాటలన్నీ రికార్డు చేసేశారు. మమ్మల్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని పిలవలేదట. ఫ్రిజ్ ఆపేశారు, పెరుగు పులిసింది. హమ్ మాత్రం పోలేదు, ఫ్రిజ్ పక్కనే కరెంటు బోర్డు ఉండనే ఉంది. అయినా ఆవిడ గొంతు హెడ్‌ఫోన్స్‌లో తల చుట్టూ కమ్ముకున్నట్టు వినిపించిందని, ఎప్పుడూ అంత వెడల్పుగా వినలేదని ఆయన సంబరపడ్డారు. పెట్టె ఇక అక్కర్లేదని మాకు మెసేజ్ పెట్టి, మర్నాడు ఆవిడను ఆసుపత్రికి తీసుకెళ్లారు.

ఆపరేషన్ బాగానే జరిగింది. గడ్డ క్యాన్సర్‌ది కాదు. గొంతు మాత్రం గాలిలాగా వస్తోంది. కొన్ని నెలలు గుసగుసగానే మాట్లాడాలి, పాట ఇక ఆశించవద్దు అన్నారు డాక్టర్లు. ఆవిడ తల ఊపి, రికార్డింగ్ ఉంది కదా అన్నట్టు భర్త వైపు చూశారట.

కృతజ్ఞతా ఆరాధన రోజున ఆయన పాటలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని చర్చికి వెళ్లారు. సాయంత్రం నాకు ఫోన్ వచ్చింది.

"మేడం, పాటలో ఆవిడ లేరు."

"ఎక్కడ లేరు?"

"పాటలో లేరండి. నేనే ఉన్నాను."

చర్చిలో పెట్టగానే కీబోర్డు వచ్చిందట, గుర్రు వచ్చిందట, గొంతు రాలేదట. ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని సంఘమంతా పాట చివరిదాకా కళ్లు మూసుకుని వింది. పాస్టరు అయ్యగారు ఆమేన్ అన్నారు. బయటికొచ్చాక ఒక పెద్దాయన చెయ్యి పట్టుకుని, "బ్రదర్, ఇన్నాళ్లకు మీ వాయిద్యం విడిగా విన్నాం, చాలా బాగుంది" అన్నారట. ఆవిడ మెడకు స్కార్ఫ్ చుట్టుకుని ముందు వరుసలో కూర్చున్నారు. మొదట్లో పాటతో పాటు పెదవులు కదిపారట. కాసేపటికి ఆపేశారట.

వైరు పాడైతే మార్చొచ్చు, మైకు పోతే కొనొచ్చు. ఇక్కడ మళ్లీ పాడమని అడగడానికి మనిషికి గొంతు లేదు. మర్నాడు పొద్దున్నే తమ్ముడిని తీసుకుని అమీర్‌పేట వెళ్లాను.

ఫోన్‌లో పెట్టి విన్నాం. కీబోర్డు ఉంది, హమ్ ఉంది, ఆవిడ లేరు. లాప్‌టాప్‌కు హెడ్‌ఫోన్స్ పెట్టి విన్నాను. ఆవిడ ఉన్నారు. తమ్ముడికి ఇచ్చాను. విని, తీసి, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, మళ్లీ హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాడు.

"ఏందక్కా గిది? అమ్మ హెడ్‌ఫోన్లల్ల ఉన్నది, బయటికి రానంటది" అన్నాడు.

అప్పుడు నాకు అనుమానం వచ్చింది. మిక్సర్ వైపు చూశాను. కుడివైపు రంధ్రం ఖాళీగా లేదు. ప్రీఆంప్ నుంచి ఒకే ప్లగ్గుతో బయల్దేరిన వైరు మధ్యలో రెండుగా చీలి, ఒకటి ఎడమదాంట్లోకి, ఒకటి కుడిదాంట్లోకి వెళ్లింది.

"ఈ వైరెక్కడిది సార్?"

"మీ సంచిలోదేనండి. రెండు రంధ్రాలకు రెండు ప్లగ్గులు సరిగ్గా సరిపోయాయి."

"దీనికి ఎర్ర టేపు ఉండాలి."

"టేపులన్నీ జిగటగా ఉంటే తీసేశానండి. స్పిరిట్‌తో తుడిచి చుట్టలు చుట్టి పెట్టాను."

సంచి తెరిచి చూశాను. వైర్లన్నీ కొత్త పెళ్లికొడుకుల్లా మెరుస్తున్నాయి. ఒక్కదానికీ టేపు లేదు. తమ్ముడు మంచం అంచు మీద కూర్చుండిపోయాడు. "ఇరవై ఏండ్ల టేపులక్కా" అన్నాడు మెల్లగా.

ఆ చీలిక వైరు థియేటర్లో వేరే పనికి చేసుకున్నది, లోపలి రెండు తీగలూ చెరో ప్లగ్గుకు విడిపోతాయి. దాన్ని ఇలా పెడితే సూటిగా ఉన్న గొంతు ఎడమ పక్కకు, తలకిందులుగా ఉన్న గొంతు కుడి పక్కకు వెళతాయి. హెడ్‌ఫోన్స్‌లో ఒక్కో చెవికి ఒక్కోటి వెళుతుంది కాబట్టి వినిపిస్తుంది, పైగా వెడల్పుగా వినిపిస్తుంది. ఎడమా కుడీ ఒక్కటిగా కలిపే చోట, అంటే ఫోన్ స్పీకర్లో, చర్చి స్పీకర్ పెట్టెల్లో, రెండు గొంతులూ కలిసి ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. కీబోర్డు రెండు పక్కలా ఒకేలా ఉంది కాబట్టి అది నిలుస్తుంది. దాని హమ్ కూడా నిలుస్తుంది. ఇదంతా ఆయనకు చెప్పాను. ఆయన నిలబడే విన్నారు.

"అంటే నా చేతులతో నేనే ఆవిడ గొంతును..." అని ఆగిపోయారు. ఆ వాక్యాన్ని ఆయన పూర్తి చేయలేదు. ఏదైనా పూర్తి చేయకుండా వదిలేయడం ఆయనకు అలవాటు లేదు.

ఆవిడ తలుపు దగ్గర కుర్చీలో కూర్చుని మా ముఖాలు చూస్తున్నారు. ఆవిడకు వైర్ల కథ అక్కర్లేదు. గొంతు ఉందా, పోయిందా, అదొక్కటే కావాలి. నేను అటు తిరిగి, "ఉందమ్మా, రెండు కాపీలు ఉన్నాయి" అన్నాను. అనేశాక గానీ అది నిజమని నాకే పూర్తిగా తట్టలేదు.

ఆయన పొరపాటున చేసింది ఏమిటంటే, బ్యాలెన్స్‌డ్ వైరు లోపల జరిగేదాన్ని సగంలో ఆపి రికార్డు చేశారు. సూటి గొంతు ఒక పక్క, తలకిందుల గొంతు ఒక పక్క భద్రంగా ఉన్నాయి. మిగతా సగం నేను చేస్తే సరిపోతుంది. కుడిపక్కను తిరగేయాలి, ఎడమపక్కతో కలపాలి. లాప్‌టాప్‌లో అది ఒక్క బటన్. నొక్కాను. హెడ్‌ఫోన్స్ పీకేసి, పాటను నా ఫోన్‌లోకి పంపి, ఫోన్ బల్ల మీద పెట్టాను.

గొంతు వచ్చింది.

ఇంకేమీ రాలేదు. కుడిపక్కను తిరగేయడంతో ఈసారి చెరిగిపోయే వంతు కీబోర్డుది, హమ్‌ది. కరెంటు గొణుగుడు జాడే లేదు. ఆవిడ ఒక్కరే ఉన్నారు. సర్వీసంతా నేను వెతికిన నిశ్శబ్దం అంత శుభ్రంగా అంతకుముందెప్పుడూ దొరకలేదు. సూపరింటెండెంట్ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. అవి అప్పటికే శుభ్రంగా ఉన్నాయి.

"మస్తుగున్నది. గిట్లనే పెట్టెయ్ అక్కా, ఏం ముట్టకు" అన్నాడు తమ్ముడు.

"సార్, మీ కీబోర్డు పోయింది" అన్నాను.

"పోతే పోయిందండి. దాన్ని ఎవరడిగారు? గుర్రుతో సహా పోనీయండి. ఇలాగే చర్చిలో పెడదాం."

నా అభిప్రాయం కూడా అదే. నిజం చెప్పాలంటే ఆయన వాయించడం అంతంతమాత్రం. పల్లవికి ముందు వాయించిందే చరణానికి ముందూ వాయిస్తారు.

పాట నడుస్తోంది. మొదటి చరణం అయిపోయి ఆగింది. ఫోన్‌లోంచి ఏమీ రావడం లేదు. ఆవిడ ఆయాసం కోసం ఆగిన చోటు అది. పాట ఆగిపోయిందేమోనని తమ్ముడు ఫోన్ తాకి చూశాడు. కాసేపటికి రెండో చరణం మొదలైంది.

ఆవిడ చెయ్యి పైకెత్తారు. నేను పాట ఆపి దగ్గరికి వెళ్లాను. మాట వినాలంటే వంగాల్సి వచ్చింది.

"అక్కడ ఆయన ఏరండి?"

"ఎక్కడమ్మా?"

"ఇందాక, నేను ఆగిన చోట." ఊపిరి కూడదీసుకుని మళ్లీ అన్నారు. "నాకు ఊపిరాడలేదండి అక్కడ. ఇక నావల్ల కాదని చెయ్యి ఊపాను కూడా. ఆయన ఆపలేదు. ఆ రెండు స్వరాలే తిప్పి తిప్పి వాయిస్తూ కూర్చున్నారు, నేను మళ్లీ అందుకునేదాకా. నన్ను చూస్తూనే ఉన్నారు."

ఆయన కిటికీ దుప్పటి వైపు చూస్తున్నారు.

"ఆయన్ని కూడా వేయండి మేడం."

"వేయొచ్చమ్మా. కానీ ఆయన కీబోర్డుకు హమ్ అంటుకుపోయి ఉంది. ఆయన్ని తెస్తే అదీ వస్తుంది. కొంత తగ్గించగలను. మొత్తం తీస్తే ఆయన ఎడమచేత్తో వాయించే కింది స్వరాలు కూడా పోతాయి."

"రానీయండి" అన్నారు. తర్వాత, కొంచెం నవ్వు ముఖంతో, "ఆయనకు ఖాళీ వదిలితే నచ్చదండి" అన్నారు.

ఎడమా కుడీ మామూలుగా కలిపితే కీబోర్డు, తిరగేసి కలిపితే గొంతు. రెండింటినీ విడివిడిగా తీసి పక్కపక్కన పెట్టి, మళ్లీ ఒక్కటి చేశాను. జీవితమంతా హమ్ తీసి జీతం తీసుకున్నదాన్ని, ఆ రోజు దాన్ని నా చేత్తో తెచ్చి పాటలో పెట్టాను. తమ్ముడు నన్నొక రకంగా చూశాడు. అన్ని పాటలూ అలాగే చేశాం. ఈలోగా ఆయన మాకు కాఫీ పెట్టి, సంచిలో వైర్లన్నింటికీ దగ్గరుండి తమ్ముడి చేత కొత్త టేపులు వేయించారు. ఎర్ర టేపు సరిపోకపోతే ఆయనే కిందికి వెళ్లి కొనుక్కొచ్చారు.

పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే. రికార్డు చేసింది ఎంత బాగున్నా ఒకసారి ఫోన్‌లో పెట్టి వినండి. ఒక్క స్పీకర్లో గొంతు నిలిస్తే ఎక్కడైనా నిలుస్తుంది. ఖాళీగా వదలమని చెప్పిన రంధ్రాన్ని ఖాళీగానే వదలండి. మిగతావి మీకే తెలుస్తాయి.

మరుసటి ఆదివారం చర్చికి మమ్మల్నీ పిలిచారు. నేనూ తమ్ముడూ వెనక బెంచీలో కూర్చున్నాం. ముందు వరుసలో వాళ్లిద్దరూ ఉన్నారు. ఈసారి ఆయన కీబోర్డు దగ్గరికి వెళ్లలేదు. పెట్టెల్లోంచి ముందు హమ్ వచ్చింది. సంఘంలో ఒకరిద్దరు తల ఎత్తి చూశారు.

"అక్కా, వస్తున్నది" అన్నాడు తమ్ముడు, అలవాటు కొద్దీ లేవబోతూ.

"రానీ. కూర్చో" అన్నాను.

తర్వాత కీబోర్డు వచ్చింది, ఆ వెనకే ఆవిడ గొంతు వచ్చింది. మొదటి చరణం అయిపోయింది. గొంతు ఆగింది. ఆయన అవే రెండు స్వరాలు తిప్పుతున్నారు, మళ్లీ మళ్లీ, ఒక చోట కాస్త తడబడి, ఆపకుండా. ముందు వరుసలో ఆవిడ భుజాలు మెల్లగా పైకి లేచాయి. ఊపిరి తీసుకున్నారు. పెట్టెల్లోంచి రెండో చరణం మొదలైంది.